వినబడలేదు, మళ్ళీ పంపు

"ఏమిటీ? సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చెప్పండి" - ఈ మాట అనని మనిషీ, అనిపించుకోని మనిషీ లోకంలో వుండరు. ట్రంకుకాల్ రోజులు గుర్తున్నవాళ్ళకి ఆ మాట ఖరీదు కూడా గుర్తుండే వుంటుంది. పోస్టాఫీసులో ఫోను పట్టుకున్న పెద్దమనిషి మొదటిసారి గుసగుసగా చెప్పిన కట్నం అంకె, అవతలివాళ్ళకి వినబడక, రెండోసారి చెప్పేసరికి స్టాంపులకోసం వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ తెలిసిపోయేది. చెప్పిన మాట ఒకటే. చెప్పింది రెండుసార్లు. రహస్యం పోయింది మాత్రం రెండోసారి చెప్పినప్పుడే!

కట్నం అంకె పోతే పోయింది, ఏ మేనత్తో నాలుగు రోజులు అలుగుతుంది. అంతటితో సరి. కాని చరిత్రలో ఇంతకంటే చాలా ఖరీదైన "మళ్ళీ చెప్పు"లు వున్నాయి. వాటిలో రెండింటి కథ ఇది. మొదటిది 1941లో జరిగింది. రెండోది 2017లో బయటపడింది. నడుమ 76 ఏళ్ళు. మొదటిదానిలో పాత్రధారులు జర్మన్ సైన్యం వాళ్ళు. రెండోదానిలో పాత్రధారులం మీరూ నేనూ. చిత్రమేమిటంటే, రెండు కథలూ ఒకటే.

* * *

1941 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం గ్రీసు రాజధాని ఏథెన్సును ఆక్రమించింది. అక్కణ్ణించి వియన్నాకి వార్తలు పోవాలి. అంత దూరం తీగలు వేసి, వాటికి కాపలా కాయడం కష్టం గనక రేడియో మీద టెలిప్రింటర్ నడిపారు. రేడియోతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. గాలిలో వదిలిన మాట మనవాడికీ వినబడుతుంది, పగవాడికీ వినబడుతుంది. ఇంగ్లండులో చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్ళు వుండనే వున్నారు. అందుకని జర్మన్లు ఆ టెలిప్రింటర్‌కి లోరెంజ్ కంపెనీ తయారుచేసిన ఒక రహస్యలిపి యంత్రం తగిలించారు. దాని నిండా పళ్ళచక్రాలు. మొత్తం 12. చక్రాలు తిరిగినకొద్దీ ఒక్కొక్క అక్షరం చొప్పున అర్థంపర్థంలేని అక్షరాల వరస ఒకటి పుడుతుంది. వార్తలోని ప్రతి అక్షరానికీ అందులోంచి ఒక అక్షరాన్ని కలిపి గాలిలోకి వదులుతారు. అవతలి యంత్రంలో కూడా చక్రాలు సరిగ్గా అదే స్థానంనుంచి మొదలైతే, అదే వరస పుట్టి, కలిపినదాన్ని తీసేస్తుంది. వార్త బయటికొస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పని వుంది. వార్త మొదలు పెట్టేముందు, ఏ చక్రం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఇద్దరూ ఒక అంగీకారానికి రావాలి గదా! అందుకని పంపేవాడు ముందుగా 12 అక్షరాలు, చక్రానికొకటి చొప్పున, బహిరంగంగానే పంపేవాడు. ఆ అక్షరాలు విన్నంతమాత్రాన పరాయివాడికి ఒరిగేదేమీ లేదు. కాని ఒక్క నియమం మాత్రం వుంది. ఒకసారి వాడిన మొదలు మళ్ళీ వాడకూడదు.

1941 ఆగస్టు 30వ తేదీన ఏథెన్సులో ఒక ఆపరేటరు సుమారు 4,000 అక్షరాల వార్త ఒకటి పంపాడు. చేతితో కొట్టి పంపిన వార్త. అంతా అయ్యాక వియన్నావాడు తాపీగా "సరిగ్గా అందలేదు, మళ్ళీ పంపు" అన్నాడు. అన్నది కూడా బహిరంగంగానే!

ఏథెన్సువాడి అవస్థ మనం ఊహించుకోవచ్చు. ఆగస్టు ఎండ. వేళ్ళు నెప్పి. కొత్త అక్షరాలు ఎంచి, 12 చక్రాలూ కొత్తగా అమర్చి, అవతలివాడిచేత కూడా అమర్పించి... ఇదంతా ఎందుకనుకున్నాడో ఏమో, ఇద్దరూ చక్రాలని మళ్ళీ పాత మొదటికే తిప్పారు. అవే 12 అక్షరాలు గాలిలోకి వెళ్ళాయి. వార్త మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు కూడా కొంప మునిగేది కాదు. మొదటిసారి కొట్టింది పొల్లుపోకుండా మళ్ళీ కొట్టి వుంటే, ఇంగ్లీషువాళ్ళకి ఒకే గజిబిజి రెండుసార్లు వినబడేది, అంతే. కాని విసుగెత్తిన మనిషి రెండోసారి పొల్లుపోకుండా చెబుతాడా? "వార్త సంఖ్య" అనే జర్మన్ మాట మొదటిసారి పూర్తిగా కొట్టాడు. రెండోసారి పొట్టిచేశాడు. అక్కడితో వరస కొన్ని అక్షరాలు పక్కకి జరిగింది. ముందుకు పోయినకొద్దీ అక్కడో మాట, ఇక్కడో మాట కుదించుకుంటూ పోయాడు. ఒకే తాళం కింద రెండు వేరు వేరు వార్తలు గాలిలోకి వెళ్ళాయి.

దీనివల్ల ఏం కొంప మునిగిందో తెలియాలంటే మామిడికాయల లెక్క చూడాలి. బజారులో ఒకడు బుట్టతో సహా కాయలు తూస్తున్నాడనుకోండి. బుట్ట బరువు మీకు తెలియదు. తూకం అంకె మాత్రం కనిపిస్తోంది. కాయల బరువెంతో చెప్పగలరా? చెప్పలేరు. కాని అదే బుట్టలో రెండోసారి వేరే కాయలు పోసి తూశాడనుకోండి. ఒక తూకంలోంచి ఇంకో తూకం తీసేస్తే బుట్ట మాయమైపోతుంది! మిగిలింది కాయల తేడా మాత్రమే. రహస్యలిపిలో బుట్ట అంటే ఆ అర్థంపర్థంలేని అక్షరాల వరస. దాన్ని ప్రతిసారీ మారుస్తున్నంతకాలం లోపలేముందో ఎవడికీ తెలియదు. ఒక్కసారి పాత బుట్ట మళ్ళీ వాడితే మాత్రం బుట్ట పోయి, రెండు వార్తల తేడా బయటపడుతుంది. రెండూ మనుషుల భాషలో వున్నవి గనక, ఓపికున్నవాడు ఒక మాట ఊహించి, దానితో రెండోదాన్ని సరిచూసుకుంటూ, రెండింటినీ విడదీయవచ్చు.

ఆ ఓపిక జాన్ టిల్ట్‌మన్ అనే బ్రిటిష్ సైనికాధికారికి వుంది. బ్లెచ్లీ పార్క్ అనే రహస్యలిపి కేంద్రంలో కూర్చుని, సుమారు పది రోజులు తంటాలు పడి, రెండు వార్తలనీ చదివేశాడు. వార్త తెలిస్తే, గజిబిజిలోంచి దాన్ని తీసేయగా యంత్రం పుట్టించిన వరస మిగులుతుంది. సుమారు 4,000 అక్షరాల వరస చేతికొచ్చింది.

దాన్ని విలియం టట్ అనే 24 ఏళ్ళ కుర్రవాడి ముందు పడేశారు. ఆయన తండ్రి తోటమాలి. కేంబ్రిడ్జిలో చేరింది రసాయనశాస్త్రం చదవడానికి, మనసు పడింది గణితం మీద. ఆయన గళ్ళకాగితాల మీద ఆ అక్షరాల చుక్కలూ కాటాలూ వేసుకుంటూ, వాటిలో ఎక్కడైనా ఒక లయ తిరిగి తిరిగి వస్తోందా అని వెదికాడు. 41 పళ్ళ చక్రం ఒకటి బయటపడింది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, 1942 జనవరి నాటికి ఆయనా, సహచరులూ కలిసి 12 చక్రాల యంత్రం ఎలా పనిచేస్తుందో మొత్తం తేల్చేశారు. యుద్ధం ముగిసేదాకా ఆ యంత్రాన్ని వాళ్ళెవరూ కంటితో చూడలేదు!

అంతటితో ఆగలేదు. చక్రాల మొదళ్ళు రోజురోజుకీ చేత్తో లెక్కగట్టలేక, టామీ ఫ్లవర్స్ అనే తపాలాశాఖ ఇంజనీరు వేడి వేడి గాజు వాల్వులతో "కొలోసస్" అనే ఎలెక్ట్రానిక్ యంత్రం కట్టాడు. 1944 మొదట్లో అది బ్లెచ్లీలో పని మొదలుపెట్టింది. లోకంలోని తొలి ఎలెక్ట్రానిక్ కంప్యూటర్లలో దాన్నొకటిగా లెక్కిస్తారు. యుద్ధం ముగిసేనాటికి అలాంటివి పది వున్నాయి. హిట్లర్ సేనాధిపతులతో ఆడించిన మాటలు ఇంగ్లండులో చదివారు. ఏథెన్సులో ఒక ఆపరేటరు 12 చక్రాలు కొత్తగా అమర్చడానికి బద్ధకించినందుకు ఇంత!

* * *

"అయితే వియన్నావాడు మళ్ళీ పంపమనకుండా వుండాల్సింది" అని మీరనవచ్చు. అది కుదిరే పని కాదు. గాలిలో మాట పోవడం అనేది నేరం కాదు, గాలి స్వభావం.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ అనే ఆచార్యుడు, దీవుల మధ్య తీగలు వేయడం దండగని, కంప్యూటర్లను రేడియోతో కలిపాడు. ఆ ఏర్పాటుకి "అలోహా" అని పేరు. హవాయి భాషలో అది నమస్కారం లాంటి మాట. అందరూ ఒకే రేడియో దారిలో మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పోతాయి, మన శాసనసభల్లోలాగా. ఏబ్రమ్సన్ పెట్టిన నియమం మా చెడ్డ సులువు. మాట పంపు. "అందింది" అని జవాబు వస్తే సంతోషం. రాకపోతే కాసేపు ఆగి, మళ్ళీ పంపు. అంతే! ఈనాటి వైర్లెస్ వ్యవస్థలన్నీ ఏదో రూపంలో ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

ఇందులో ఇంకో మెలిక వుంది. జవాబు రాలేదంటే నా మాట పోయిందనా, నా మాట చేరి అవతలివాడి జవాబు పోయిందనా? పంపినవాడికి తేడా తెలియదు. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు దీన్నొక పరిశోధనా పత్రంలో చర్చించారు. (ఆ విదేశీ పత్రం మీద ఏకనాథం అన్న పేరు చూసి నాకు కాస్త ముచ్చటేసింది.) తర్వాత 1978లో జిమ్ గ్రే దాన్ని ఇద్దరు సేనాపతుల కథగా చెప్పాడు. కొండకి అటొకడూ ఇటొకడూ, ఇద్దరూ ఒకేసారి దాడిచేయాలి. మధ్య లోయలో నడిచే వార్తాహరుడు ఎప్పుడైనా పట్టుబడవచ్చు. "రేపు పొద్దున దాడి" అని కబురు వెళ్ళింది. "సరే" అని జవాబు రావాలి. ఆ "సరే" చేరిందని ఇంకో జవాబు వెళ్ళాలి. అది చేరిందని ఇంకోటి... ఎన్ని కబుర్లు పంపినా ఆఖరి కబురు చేరిందో లేదో అనే అనుమానం మిగిలే తీరుతుంది. ఇది ఎవరి అసమర్థతా కాదు, గణితం.

కాబట్టి రేడియోలో మళ్ళీ పంపక తప్పదు. అదే తాళంతో వేరే మాట పంపితే చేటు తప్పదు. అడకత్తెరలో పోకచెక్క అన్నమాట.

* * *

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మూల బల్లమీద చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటూ వుండే రౌటర్ వుంది. చేతిలో సెల్‌ఫోన్ వుంది. రెండింటి మధ్యా గాలి వుంది. గోడ అవతల పక్కింటివాడున్నాడు. మా మేనల్లుడు ఈ వై-ఫై వ్యవహారాల్లోనే పనిచేస్తాడు. వాణ్ణి ఒకసారి కూచోబెట్టి అడిగాను.

"ఏరా, పాస్‌వర్డు గాలిలోనే గదా వెళ్ళేది! మధ్యలో ఎవడైనా పట్టుకోడూ?"

"పాస్‌వర్డు గాలిలో వెళ్ళనే వెళ్ళదు మామయ్యా. అది ఇద్దరి దగ్గరా ముందే వుంది. గాలిలో వెళ్ళేవి నాలుగు ఉత్తరాలు" అన్నాడు.

వాడు చెప్పినది నాకర్థమైనంతవరకు ఇదీ. మొదటి ఉత్తరంలో రౌటర్ ఒక పెద్ద అంకెను, అప్పటికప్పుడు తోచినది, ఫోన్‌కి పంపుతుంది. రెండో ఉత్తరంలో ఫోను తన అంకెను పంపుతుంది. ఈ రెండంకెలనీ పాస్‌వర్డుతో కలిపి రుబ్బితే ఒక కొత్త తాళంచెవి తయారవుతుంది. రెండు చోట్లా విడివిడిగా, ఒకటే చెవి! అంకెలు విన్నవాడికి పాస్‌వర్డు తెలియదు గనక చెవి దొరకదు. మూడో ఉత్తరంలో రౌటర్ "నా దగ్గర తయారు, ఇక తాళం వేద్దాం" అంటుంది. నాలుగోదానిలో ఫోను "సరే, వేస్తున్నా" అంటుంది. అక్కణ్ణించి ప్రతి మాటా తాళంలోనే. ఒక్కొక్క పొట్లానికి ఒక్కొక్క వరస సంఖ్య. సంఖ్య మారితే బుట్ట మారుతుంది. సంఖ్యలు 281 లక్షల కోట్లకి పైగా వున్నాయి. మన జన్మలో అయిపోవు.

ఇంత జాగ్రత్త వూరికే రాలేదు. 1997లో వచ్చిన మొదటి వై-ఫై ప్రమాణంలో ఆ సంఖ్యలు 1,67,77,216 మాత్రమే. రద్దీ వున్నచోట కొద్ది గంటల్లో అయిపోయి మళ్ళీ మొదటికొచ్చేవి. పైగా కొన్ని పరికరాలు పెట్టి తీసినప్పుడల్లా సున్నానుంచి లెక్క మొదలుపెట్టేవి. ఏథెన్సువాడి చక్రాలే! 2001 నాటికి పరిశోధకులు ఆ తాళం పరువు తీసేశారు. ఆ బుద్ధి వచ్చాకే, 2004లో ఈ నాలుగు ఉత్తరాల పద్ధతి ప్రమాణంగా స్థిరపడింది. 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇది భద్రమేనని గణితరీత్యా నిరూపించారు కూడా.

"మరి నాలుగో ఉత్తరం దారిలో పోతే?" అన్నాను, సేనాపతుల కథ గుర్తొచ్చి.

వాడు నవ్వాడు. "అక్కడే వుంది మామయ్యా కిటుకంతా!"

నాలుగో ఉత్తరం పంపేసి ఫోను తాళం వేసేసుకుంది. అది రౌటర్‌కి చేరలేదు. చేరలేదు గనక రౌటర్ ఇంకా తాళం వేయలేదు. ఇప్పుడు ఫోను తాళం వేసి పంపే పొట్లాలు రౌటర్‌కి గజిబిజిగా కనిపిస్తాయి, పారేస్తుంది. ఒకడు తలుపు గడియ వేశాడు, రెండోవాడు ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాడు. మాటలన్నీ మధ్యలో నష్టం. ఈ నష్టం తప్పించడానికే, జవాబు రాకపోతే రౌటర్ మూడో ఉత్తరం మళ్ళీ పంపాలని ప్రమాణంలో రాశారు. న్యాయమే. ఏబ్రమ్సన్ చెప్పిందే.

మరి మూడో ఉత్తరం రెండోసారి అందుకున్న ఫోను ఏం చేయాలి? "సరే" అని మళ్ళీ జవాబివ్వాలి. బాగానే వుంది. దాంతోపాటు, ఉత్తరంలో చెప్పింది గదా అని తాళం కూడా మళ్ళీ వేసేది! తాళం మళ్ళీ వేయడమంటే వరస సంఖ్యని మళ్ళీ మొదటికి తిప్పడం. అప్పటికే అదే చెవితో, అవే సంఖ్యలతో కొన్ని పొట్లాలు వెళ్ళిపోయి వున్నాయి. ఇప్పుడు వేరే పొట్లాలు అవే సంఖ్యలతో వెళతాయి. పాత బుట్టలో కొత్త కాయలు!

బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయంలో వున్న మాథీ వాన్‌హూఫ్ అనే యువ పరిశోధకుడు 2017లో ఏదో వేరే వ్యాసం సరిచూసుకుంటూ, తాళం వేసే ఒక ప్రోగ్రాము పంక్తి దగ్గర ఆగి, "దీన్ని రెండుసార్లు పిలిస్తే ఏమవుతుంది?" అనుకున్నాడట. అంతే ఆ పరిశోధన. మధ్యలో దూరి నాలుగో ఉత్తరం చేరకుండా అడ్డుపడితే చాలు, రౌటర్ తనంతట తానే మూడోది మళ్ళీ పంపుతుంది, ఫోను తనంతట తానే బుట్ట మళ్ళీ వాడుతుంది. పాస్‌వర్డు కనిపెట్టక్కర్లేదు. కంపెనీలకి ముందే కబురుచేసి, 2017 అక్టోబరు 16న ఆయన దీన్ని లోకానికి చెప్పాడు.

ఇందులో రెండు విడ్డూరాలున్నాయి. వాడగానే తాళంచెవిని జ్ఞాపకంలోంచి చెరిపేయడం మంచిదని ప్రమాణంలో ఒక సలహా వుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని బుద్ధిగా పాటించాయి. దాంతో రెండోసారి తాళం వేయబోయేసరికి చెవి వుండవలసినచోట అన్నీ సున్నాలే! ఆ సున్నాలనే చెవిగా పెట్టుకుని తాళం వేశాయి. ఇక ఐఫోన్లూ, విండోస్ కంప్యూటర్లూ మూడో ఉత్తరం రెండోసారి వస్తే అసలు పట్టించుకునేవి కావు. అది ప్రమాణాన్ని ఉల్లంఘించడమే. ఆ ఉల్లంఘనే ఈ దెబ్బనుంచి వాటిని చాలావరకు కాపాడింది. చెప్పినమాట విన్నవాడు చెడ్డాడు, విననివాడు బతికాడు!

మరి స్టాన్‌ఫర్డ్ నిరూపణ తప్పా? కాదు. చెవి పరాయివాడికి దొరకదని వాళ్ళు నిరూపించారు, నిజంగానే దొరకలేదు. చెవిని ఎప్పుడు, ఎన్నిసార్లు తిప్పాలనేది ఆ నిరూపణలో లేదు. తాళం గట్టిది, చెవి గట్టిది, తిప్పే చెయ్యే అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న 13 ఏళ్ళు ఎవరికీ తోచలేదు.

నివారణ ఒక్క పంక్తి. మూడో ఉత్తరం మళ్ళీ వస్తే జవాబు మళ్ళీ ఇవ్వు, తాళం మాత్రం మళ్ళీ వేయకు. దాంతో మాటా పోదు, రహస్యమూ పోదు. ఫోన్లకీ కంప్యూటర్లకీ ఆ మరమ్మతు అప్పట్లోనే అప్‌డేట్లుగా వచ్చింది. బ్యాంకుల వెబ్‌సైట్లు తమ తాళం తాము వేసుకుంటాయి గనక అక్కడ నష్టం తక్కువే. చిక్కల్లా అప్‌డేట్ రాని పాత పరికరాలతోనే. అటకమీంచి దించిన పాత ఫోను, గోడకి తగిలించిన చవక కెమెరా, వీటి సంగతి ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లో అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత చూద్దాంలే" అని తోసేసే ధర్మపత్నికి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "ఇంతకీ ఆ ఏథెన్సు అబ్బాయి ఏమయ్యాడండీ?" అంది.

ఏమయ్యాడో చరిత్ర చెప్పదు. అతని పేరు కూడా ఈ కథ చెప్పేవాళ్ళెవరూ చెప్పరు. తనవల్ల ఏం జరిగిందో అతనికి ఎన్నటికైనా తెలిసివుంటుందా అనేది అనుమానమే. బ్లెచ్లీ పార్క్ రహస్యాలు దశాబ్దాల తరబడి తాళంలోనే వున్నాయి మరి. ఆ తాళం మాత్రం వాళ్ళు ఒక్కసారే వేశారు.